చిప్పు ఖర్చు కంపెనీది, రుజువు ఖర్చు కొన్నవాడిది

కంప్యూటర్ మొరాయిస్తే ప్రాసెసర్‌ను, అంటే లెక్కలన్నీ చేసే ప్రధాన చిప్పును, ఎవరూ అనుమానించరు. నెల్లూరు ట్రంకురోడ్డులోనైనా, ఒంగోలు కర్నూలు రోడ్డులోనైనా సర్వీసు కుర్రాడి పని ఒకే వరసలో నడుస్తుంది. ముందు ర్యామ్ ఊడదీసి పెన్సిల్ రబ్బరుతో పిన్నులు తుడుస్తాడు. కుదరకపోతే విండోస్ ఫార్మాట్ కొడతాడు. తర్వాత ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై పెట్టె) మారుస్తాడు, ఆ పైన గ్రాఫిక్స్ కార్డు మీద పడతాడు. చివరికి ‘బోర్డు పోయిందన్నా’ అని తేల్చేస్తాడు. అనుమానం ప్రాసెసర్ దాకా వెళ్లేసరికి యజమానికి చేతి చమురు బాగానే వదిలి ఉంటుంది.

ఇందులో కుర్రాడిని తప్పుపట్టడానికేమీ లేదు. పిడుగు పడినా, కరెంటు ఎక్కువతక్కువలైనా ముందు పోయేవి సప్లై, బోర్డు, హార్డ్ డిస్కు. అన్నీ పోయాక కూడా పనిచేసేది ప్రాసెసరే, పాత బోర్డు మీంచి తీసి కొత్త బోర్డులో పెట్టుకునేదీ అదే. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల వ్యవహారం ఈ నమ్మకాన్ని గట్టి దెబ్బే కొట్టింది. చిప్పులో లోపం ఉండటం కొత్త సంగతి కాదు. ఆ లోపం ఎవరి ఖర్చుతో బయటపడుతుందన్నది మాత్రం ముప్పై ఏళ్లుగా తెగని లెక్క.

13వ తరం 2022 అక్టోబరులో, 14వ తరం 2023 అక్టోబరులో మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో ఖరీదైన ఐ9, ఐ7 చిప్పులు కొన్నవాళ్లకు కొన్నాళ్లకే తిప్పలు మొదలయ్యాయి. ఆటలు మధ్యలో ఆగిపోవడం, బ్లూ స్క్రీన్ రావడం, జిప్ ఫైలు విప్పబోతే పాడైందని చెప్పడం. అన్నిటికన్నా దారి తప్పించింది తెర మీద కనిపించే ‘అవుట్ ఆఫ్ వీడియో మెమరీ’ అనే సందేశం. అది చదివినవాడు ఎవడైనా గ్రాఫిక్స్ కార్డునే తిడతాడు. నిజానికి కార్డుకు ఏ రోగమూ లేదు. కుదించిన డేటాను విప్పేటప్పుడు ప్రాసెసర్ తప్పు లెక్క చేస్తోంది, ఆ తప్పు కార్డు పేరుతో బయటికి వస్తోంది. 2024 ఏప్రిల్‌లో గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్‌విడియా తన వినియోగదారులకు ‘ఈ తరాల ప్రాసెసర్లుంటే ఇంటెల్‌ను అడగండి’ అని చెప్పేదాకా కొత్త కార్డు కొని కూడా అదే బాధ పడినవాళ్లున్నారు.

ఇంటెల్ మొదట వేలు చూపింది మదర్‌బోర్డు కంపెనీల వైపు. బోర్డులు పరిమితులు దాటి పవర్ ఇస్తున్నాయన్నది వాదన. అందులో నిజం కొంత ఉంది. వేగం పోటీలో పడి బోర్డు తయారీదారులు రక్షణ పరిమితులను ఎత్తేసి అమ్మారు. కానీ అసలు గుట్టు 2024 జులైలో కంపెనీయే ఒప్పుకుంది: ప్రాసెసర్ లోపలి మైక్రోకోడే (చిప్పును లోపలి నుంచి నడిపే సూచనలు) అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోంది. సెప్టెంబరులో ఇచ్చిన పూర్తి వివరణ ప్రకారం, కోర్ (చిప్పులో లెక్కలు చేసే భాగం) లోపల క్లాక్ సంకేతాన్ని మోసుకెళ్లే సర్క్యూట్ ఎక్కువ వోల్టేజీకి, వేడికి తొందరగా ముసలిదవుతోంది. ఒక్కో వేగానికి చిప్పుకు ఇంత కనీస వోల్టేజీ కావాలని ఫ్యాక్టరీలోనే లెక్క కట్టి ఉంటుంది. ముసలితనం వస్తే ఆ కనీసం పైకి జరుగుతుంది, పాత లెక్క ప్రకారం ఇచ్చే వోల్టేజీ చాలదు. కొత్తప్పుడు లో వోల్టేజీలో కూడా లేచిన బోరు మోటారు, పాతబడ్డాక అదే వోల్టేజీకి గుర్రుమని ఊరుకున్నట్టే. దీనికి ఇంటెల్ పెట్టిన పేరు ‘వీమిన్ షిఫ్ట్’.

ఇవి గాక 13వ తరం తొలి చిప్పుల్లో కొన్నిటికి తయారీలోనే ఆక్సీకరణ సమస్య వచ్చిందని, దాన్ని 2023లో సరిచేశామని కూడా కంపెనీ చెప్పింది. వీమిన్ షిఫ్ట్‌కు మాత్రం నాలుగు కారణాలు తేల్చింది: బోర్డుల సెట్టింగులు ఒకటి, మిగతా మూడూ మైక్రోకోడ్ తాలూకువే. నాలుగింట మూడు తన ఇంటి తప్పులే అయినా మొదటి వేలు పక్కింటి వైపే లేచిందన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

జీరో ఎక్స్ 125, 129, 12బీ పేర్లతో మైక్రోకోడ్ సవరణలు 2024లోనే వచ్చాయి, రోజుల తరబడి ఆపకుండా తక్కువ పనిమీద నడిచే సిస్టమ్‌ల కోసం 2025 మేలో 12ఎఫ్ వచ్చింది. ఇవి బయోస్ (బోర్డు మీద ఉండి కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ రూపంలో వస్తాయి. ఇక్కడే మన ఊళ్ల సంగతి వేరు. బయోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే బోర్డే చచ్చిపోవచ్చు. అందుకే చాలా షాపుల్లో ‘నడుస్తున్నదాన్ని కదిలించొద్దు’ అంటారు. యూపీఎస్ లేని గదిలో అది తెలివైన మాటే. కానీ ఈ చిప్పుల విషయంలో కదిలించకపోవడమే ప్రమాదం, ఎందుకంటే పాత బయోస్‌తో నడిచిన ప్రతి నెలా అరుగుదల జరుగుతూనే ఉంటుంది. ఇంకో చేదు నిజం: సవరణ అరుగుదలను ఆపుతుందే గానీ, అప్పటికే అరిగిన చిప్పును బాగు చేయదు. అలాంటిదాన్ని మార్చుకోవాల్సిందే.

మార్చడానికి కంపెనీ ముందుకొచ్చింది కూడా. బాక్సులో అమ్మిన ఈ రెండు తరాల చిప్పులకు మామూలుగా ఉండే మూడేళ్ల వారంటీకి మరో రెండేళ్లు కలుపుతున్నట్టు 2024 ఆగస్టులో ప్రకటించింది. అంటే 2022 చివర్లో కొన్న చిప్పుకు 2027 చివరి దాకా గడువుంది. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. ఐతే ఈ లెక్కలో చేరనిది ఒకటుంది.

మన దగ్గర ఐ9 చిప్పులు కొనేది ఆటలాడే కుర్రాళ్లే కాదు, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోలు కూడా. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల్లో ఒక్కో సిస్టమ్ రాత్రంతా రెండరింగ్ (తుది వీడియో తయారీ) మీద ఉంటుంది. తెల్లారేసరికి ఎనభై శాతం దగ్గర ఆగిపోయి ఉందనుకుందాం. స్టూడియో వాడు సాఫ్ట్‌వేర్‌ను తిడతాడు, మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాడు, ర్యామ్ కొంటాడు, కార్డు మారుస్తాడు, సిస్టమ్‌ను బండి మీద పెట్టుకుని షాపు చుట్టూ తిరుగుతాడు. ఆల్బమ్ ఆలస్యమైందని పెళ్లివారి మాటలు పడతాడు. చివరికి చిప్పే దోషి అని తేలి కొత్తది వచ్చిందనుకున్నా, కంపెనీ ఇచ్చింది చిప్పు ఒక్కటే. ర్యామ్ డబ్బు, కార్డు డబ్బు, షాపులో కుర్రాడు పెట్టిన పూటలు, పోయిన గిరాకీ ఏ వారంటీ కాగితంలోనూ లేవు. చిప్పు ధర కంటే దాన్ని దోషిగా నిలబెట్టడానికైన ఖర్చే ఎక్కువైన సందర్భాలు ఉంటాయి.

ఈ భారాన్ని కొన్నవాడి నెత్తిన పెట్టడం 1994లోనే చూశాం. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్ కాలేజీలో గణితం చెప్పే థామస్ నైస్లీ ఆ ఏడాది జూన్‌లో తన లెక్కలు తేడాగా వస్తున్నాయని గమనించారు. అక్టోబరు దాకా ఒక్కొక్క అనుమానాన్నీ తీసేస్తూ వచ్చి, తప్పు పెంటియం ప్రాసెసర్‌దేనని తేల్చారు. భాగహారం కోసం చిప్పులో ఒక పట్టిక ఉంటుంది, అందులో ఐదు గళ్లు నింపడం మరిచిపోయారు. ఫలితంగా 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాల్సిన చోట 1.33374 వచ్చేది. మామూలు స్ప్రెడ్‌షీట్ వాడకందారుకు ఇది 27,000 ఏళ్లకు ఒకసారి ఎదురవుతుందని ఇంటెల్ జవాబిచ్చింది. మార్పిడి కావాలంటే అంత సూక్ష్మమైన లెక్కలు మీకెందుకో చూపించమంది. దోషం తమది, ఆ దోషం తనకు తగిలిందని నిరూపించుకోవాల్సిన పని మాత్రం కొన్నవాడిది!

ఆ వైఖరి మారింది నైస్లీ పట్టుదల వల్లనే అనుకుంటే పొరపాటు. డిసెంబరు 12న ఐబీఎం పెంటియం కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. ఎనిమిది రోజులకు, డిసెంబరు 20న, అడిగిన వాళ్లందరికీ ప్రశ్నలు లేకుండా మారుస్తామని ఇంటెల్ ప్రకటించింది. అందుకు ఖాతాల్లో రాసుకున్న నష్టం 47.5 కోట్ల డాలర్లు. ఒక లెక్కల మాస్టారు చెబితే కదలనిది పెద్ద కొనుగోలుదారు చెయ్యి వెనక్కి తీసుకోగానే కదిలింది.

పెద్దవాళ్లకు కూడా ఈ రుజువు అంత తేలిక కాదు. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2021లో ఒక సంఘటన వివరించారు. వాళ్ల డేటా సెంటర్లో విప్పిన ఫైళ్లలో కొన్ని మాయమవుతున్నాయి. వెతుక్కుంటూ పోతే ఒక్క ప్రాసెసర్లో ఒక్క కోర్ దగ్గర ఆగింది: 1.1ను 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం తీసుకోమంటే 156 రావాలి, ఆ కోర్ సున్నా ఇచ్చింది. ఫైలు సైజు సున్నా అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసింది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు. అదే ఏడాది గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గర కొన్ని వేల యంత్రాలకు కొద్దిపాటి చొప్పున ఇలాంటి తిక్క కోర్లు తగులుతున్నాయని రాశారు. వేల యంత్రాలున్నవాడు పక్క యంత్రంతో పోల్చి తప్పు పట్టగలడు. కావలిలో ఒక్క సిస్టమ్ పెట్టుకున్న ఫ్లెక్సీ షాపు వాడు దేనితో పోల్చుకుంటాడు?

ఇంటెల్ ఒక్కటే ఇలా అనుకోవడానికి లేదు. 2007లో పోటీ కంపెనీ ఏఎండీ ఫెనామ్ చిప్పులు టీఎల్‌బీ (మెమరీ చిరునామాలు దాచుకునే భాగం) లోపంతోనే వచ్చాయి, బయోస్ మందు వేస్తే వేగం పడిపోయేది, సరైన చిప్పులు మరుసటి ఏడాది గానీ రాలేదు. 2023లో అదే కంపెనీ రైజెన్ 7000 ఎక్స్‌3డీ చిప్పులు కొన్ని బోర్డుల మీద కాలిపోతే, బోర్డులు చిప్పుకు ఇచ్చే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులు దాటకుండా కట్టడి చేశాకే సద్దుమణిగింది.

భారతదేశంలో ఇంకో మెలిక కలిసింది. బాక్సు ప్రాసెసర్ ఏ దేశంలో కొన్నా వారంటీ నడవాల్సింది పోయి, 2016 ఏప్రిల్ నుంచి 2024 దాకా ఇంటెల్ భారత్‌కు విడిగా ఒక నియమం నడిపింది: ఇక్కడి అధీకృత పంపిణీదారు ద్వారా వచ్చిన చిప్పుకే ఇక్కడ వారంటీ. ఒక దిగుమతి సంస్థ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2019లో దర్యాప్తుకు ఆదేశించింది. నెల్లూరు వాసికి దీని అర్థం బాగా తెలుసు. పొద్దున్నే రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, రెండు మూడు వేలు తక్కువకు చిప్పు తెచ్చుకోవడం ఇక్కడ పాత అలవాటు. అలా తెచ్చిన చిప్పు ఏ దారిన దేశంలోకి వచ్చిందో కొన్నవాడికి తెలియదు. ట్రే పీసు అయితే మరీనూ. బాక్సు, సీలు లేకుండా విడిగా అమ్మే ఆ చిప్పుకు ఇంటెల్‌ను కాదు, అమ్మినవాడిని అడగాలి. పెంచిన ఐదేళ్ల వారంటీ సంతోషం బాక్సు పీసు కొన్నవాడిదే. బ్రాండెడ్ సిస్టమ్‌తో వచ్చిన చిప్పుకైతే ఆ సిస్టమ్ కంపెనీ తలుపు తట్టాలి.

ఇక చట్టం ఏమంటుంది? 2020 జులై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో ‘ఉత్పత్తి బాధ్యత’ అని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. తయారీ లోపానికి తయారీదారు బాధ్యుడని 84వ సెక్షన్ సూటిగా చెబుతుంది. పత్రికల్లో ఈ అధ్యాయానికి మంచి పేరే వచ్చింది. కానీ చిప్పు పోయినవాడికి దానివల్ల ఒరిగేది స్వల్పం. ఎందుకంటే ఆ అధ్యాయానికి కీలకమైన ‘హాని’ నిర్వచనంలోంచి ఆ వస్తువుకే కలిగిన నష్టాన్నీ, వ్యాపార, ఆర్థిక నష్టాలనూ తీసేశారు. చిప్పు పేలి ఇల్లు కాలితే ఆ అధ్యాయం పనికొస్తుంది. రెండరింగ్ ఆగిపోతే పనికిరాదు.

పనికొచ్చేది పాత దారే: వస్తువులో లోపం ఉందని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. 39వ సెక్షన్ కింద కమిషన్ లోపం సరిచేయమనొచ్చు, కొత్తది ఇమ్మనొచ్చు, డబ్బు వెనక్కి ఇప్పించొచ్చు, ఎదుటివాడి నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి పరిహారం వేయొచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. చెన్నైలో కొన్నా ఫిర్యాదు నెల్లూరులోనే వేసుకోవచ్చు, ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు 34వ సెక్షన్ ఇచ్చింది. దీని విలువ తక్కువ అంచనా వేయకూడదు.

చిక్కు రెండు చోట్ల. ఒకటి మళ్లీ రుజువే. మామూలు పరీక్షకు అందని లోపమైతే కమిషన్ ఆ వస్తువును ల్యాబుకు పంపుతుంది, 45 రోజుల్లో నివేదిక రావాలి, ఖర్చు ముందుగా కట్టాల్సింది ఫిర్యాదుదారు. రెండోది ‘వినియోగదారు’ ఎవరన్నది. వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారు కాడు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్నవాడికి మినహాయింపు ఉంది. తానే కూర్చుని మిక్సింగ్ చేసుకునే స్టూడియో యజమాని ఆ మినహాయింపులో నిలబడతాడు. నలుగురు ఎడిటర్లను పెట్టి నాలుగు సిస్టమ్‌లు నడిపేవాడికి ఎదుటి లాయరు మొదటి అభ్యంతరమే ఇది అవుతుంది. కంపెనీ పేరు మీద బిల్లు తీసుకుని ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ సర్దుబాటు) వాడుకున్నవాడికి వాదన ఇంకా కష్టం.

చట్టంలో అంతగా చర్చకు రాని మాట ఒకటుంది. ఇతరులు చేసిన భాగాలను కూర్చేవాడు కూడా తయారీదారేనని నిర్వచనం చెబుతుంది. అంటే నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో అసెంబుల్డ్ సిస్టమ్ కట్టి ఇచ్చిన చిన్న షాపు యజమాని, అమెరికా శాంటాక్లారాలోని ఇంటెల్‌తో పాటు అదే మాటకిందికి వస్తాడు. న్యాయంగా చూస్తే ఇది అన్యాయమే అనిపిస్తుంది. మైక్రోకోడ్‌లో ఏముందో అతనికి ఏం తెలుసు? అతను కూడా కొన్నవాడే, సిస్టమ్ మీద మిగిలేది వెయ్యో రెండు వేలో. ఐనా గిరాకీదారు ముందు కేకలు పడేది అతనే, కేసు వేస్తే మొదటి ప్రతివాదీ అతనే. అందుకే ఫిర్యాదులో షాపుతో పాటు పంపిణీదారునూ, తయారీ కంపెనీ భారత విభాగాన్నీ చేర్చడం ఇద్దరికీ మంచిది. షాపు వాడు కచ్చా బిల్లు కాకుండా సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు ఇవ్వడం అతన్ని కాపాడేది కూడా. బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి అని ఈ చట్టం అంటోంది.

రుజువును తక్కువ ఖర్చులో తెచ్చుకునే దారి లేకపోలేదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ‘హ్వియా లాగర్’ (WHEA-Logger) పేరుతో ప్రాసెసర్ తాలూకు హార్డ్‌వేర్ ఎర్రర్లు తేదీ, సమయంతో సహా ఉండవచ్చు. వాటి ఫొటో తీసి పెట్టుకోవాలి. అంతకన్నా గట్టిది వేగం తగ్గించి చూడటం. బయోస్‌లో పెర్ఫార్మెన్స్ కోర్ల గుణకాన్ని (వేగాన్ని నిర్ణయించే అంకె) 55 నుంచి 53కు దించగానే అంతవరకూ ఆగిపోతున్న పని సాఫీగా పూర్తయి, మళ్లీ పెంచగానే ఆగిపోతే, అనుమానం ర్యామ్ మీంచి, కార్డు మీంచి చాలావరకు ప్రాసెసర్ మీదికి మళ్లుతుంది. దీన్ని చికిత్స అనుకుని అలాగే వాడుకుంటూ పోయేవాళ్లున్నారు, అది కొన్న వేగాన్ని కంపెనీకి ఉచితంగా వెనక్కి ఇచ్చేయడమే. రెండు సార్లూ ఫోన్లో వీడియో తీసి, బయోస్ వెర్షన్ కనిపించేలా ఫొటో పెట్టి వారంటీ అడిగితే, ‘మళ్లీ ఫార్మాట్ చేసి చూడండి’ అనే మెయిళ్ల రాకపోకలు తగ్గుతాయి. కాదంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోవాలి. కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువును లెక్కించేటప్పుడు ఆ కాగితం తేదీ పనికొస్తుంది.

‘మీ ఊరి ఎండకు పోయింది’ అనే జవాబు కూడా వినబడుతూ ఉంటుంది. రోహిణి కార్తెలో ఒంగోలు గది ఎంత కాలినా, ఈ చిప్పులు 100 డిగ్రీలకు చేరితే తమంతట తామే వేగం తగ్గించుకునేలా తయారైనవి. ఎండకు నెమ్మదించాలి గానీ తప్పు లెక్కలు చేయకూడదు.

విడివిడిగా ఎవరికి వారు పోరాడితే ఈ ఖర్చు తగ్గదు. 35వ సెక్షన్ ఒకే బాధ ఉన్న అనేకమంది తరఫున, కమిషన్ అనుమతితో, ఒకరే ఫిర్యాదు వేయడానికి వీలిచ్చింది. నమోదైన వినియోగదారుల సంఘం కూడా వేయొచ్చు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని స్టూడియోల వాళ్లు తమ చిప్పుల మోడల్, కొన్న తేదీ, బోర్డు, బయోస్ వెర్షన్, ఎర్రర్ మొదలైన నెల ఒక్కచోట రాసుకుంటే, ఫేస్‌బుక్‌కు డేటా సెంటర్ ఇచ్చిన పోలిక వీళ్లకూ దొరుకుతుంది. ఐతే ఆ పట్టికలో పేరున్న ప్రతివాడూ స్వయం ఉపాధి పరీక్షలో నిలవాలి, ప్రతి చిప్పుకూ బిల్లు ఉండాలి. రిచీ స్ట్రీట్‌లో బిల్లు లేకుండా తగ్గించుకున్న ఆ రెండు మూడు వేల దగ్గరే చాలామంది ఈ పట్టికలోంచి జారిపోతారు.